సెమీ హాలో గిటార్‌ల పికప్‌లు మార్చుడు: ఎఫ్ హోల్‌ల నుంచి వైరింగ్ మొత్తం బయటికి తీయాల్నా?

పాలమూరు_తీగలు (మహబూబ్‌నగర్)

అందరికి నమస్తే. నాది ఎపిఫోన్ డాట్ గిటార్, సెమీ హాలో అంటే నడుమ కట్టె దిమ్మ (సెంటర్ బ్లాక్), పక్కలకు గుల్ల ఉండే రకం. రెండు హంబకర్లు (తీగల కదలికను సిగ్నల్‌గ మార్చే, రెండు కాయిళ్ల పికప్‌లు), రెండు వాల్యూమ్, రెండు టోన్, మూడు పొజిషన్ల టోగుల్ స్విచ్. నెక్ పికప్ మీద పెడితే లావు తీగలు మొద్దుగ మోగుతున్నయి, కార్డ్ కొడితే ఏ స్వరం ఏదో తెలుస్తలేదు. గెయిన్ పెంచితే బ్రిడ్జ్ పికప్ కుయ్యిమంటది. సేమూర్ డంకన్ కంపెనీ 59 పికప్‌ల సెట్ తెప్పించిన, నాలుగు వైర్ల రకం.

ఇబ్బంది ఏందంటే దీనికి వెనక మూత లేదు. పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగే నిరోధాలు), స్విచ్, జాక్ అన్నీ ఎఫ్ హోల్ (టాప్ మీద ఎఫ్ అక్షరం తీరుగ కోసిన రంధ్రం) లోపలనే ఉన్నయి. వీడియోల అందరు మొత్తం వైరింగ్ గుంజి బయట పెడుతున్నరు. నిజంగ అంత అవసరమా? ఉన్న పాట్లు చిన్నయి, 16 మి.మీ. రకం. అవి కూడ మార్చాల్నా? దగ్గర 25 వాట్ల ఐరన్, మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉన్నయి.

సోల్డర్_పొగ (నల్గొండ)

పికప్‌లు తెప్పించినవు కాబట్టి మార్చు, కానీ ముందుగాల పాత పికప్‌ల ఎత్తు ఒకసారి చూడు. తీగను చివరి ఫ్రెట్ మీద నొక్కి పట్టి, తీగ అడుగుకు పికప్ పోల్ (తీగ కింద ఉండే ఇనుప మొన) పైభాగానికి నడుమ కొలువు. బ్రిడ్జ్ దిక్కు 1.6 మి.మీ., నెక్ దిక్కు 2.4 మి.మీ. ఉంటే గిబ్సన్ రకం హంబకర్లకు మామూలు లెక్క. నెక్ పికప్ తీగకు మరీ దగ్గరికి లేపి ఉంటే ఎంత ఖరీదైన పికప్ పెట్టినా గా మొద్దుతనం పోదు.

ఇగ అసలు సంగతి. పాట్లు మంచిగ ఉంటే వైరింగ్ కదపకు. ఎఫ్ హోల్‌ల చెయ్యే పెట్టకు. పికప్ గుంతలనే జాయింట్ వేసుకో.

తీగలు వదులు చేసి తీసెయ్. తీగలు పోతే బ్రిడ్జ్ ఊడి చేతిలకు రావొచ్చు, అందుకని ఏ దిక్కు ఎటుందో టేపు మీద రాసి పెట్టుకో, తిరగేసి పెడితే ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గర శ్రుతి సరిపోవుడు) మొత్తం పోతది. పికప్ రింగు నాలుగు మూలల స్క్రూలు ఇప్పి పికప్ పైకి లేపు. ఎత్తు స్క్రూలు ముట్టుకోకు, స్ప్రింగ్ ఎగిరి ఎఫ్ హోల్‌ల పడితే వెతుక్కోవాలె. పికప్ కింద కేబుల్ ఉంటది. ఎక్కువ మటుకు నడుమ ఒక వైరు, చుట్టూ జాలీ. మెల్లగ గుంజితే ఎంత వదులుందో తెలుస్తది. పాట్ దిక్కు కనీసం 8 నుంచి 10 సెం.మీ. గుంత బయటికి వచ్చేటట్టు ఉంచి కత్తిరించు. పికప్ దిక్కు కూడ అంతే తోక వదులు, రేపు ఎవరికన్న అమ్మినా పనికొస్తది.

జాయింట్ ఇట్ల. డంకన్‌ల నలుపు వైరు పాత కేబుల్ నడిమి వైరుకు. ఆకుపచ్చ, జాలీ వైరు (పైన తొడుగు లేనిది) రెండూ కలిపి పాత జాలీకి. ఎరుపు, తెలుపు ఒకదానికొకటి కలిపి సోల్డర్ చేసి స్లీవ్ తొడుగు. ఆ రెండు దేనికీ తాకొద్దు, దాని పని అది చూసుకుంటది: రెండు కాయిళ్లను వరుసగ కలిపేది ఆ జాయింటే.

వేడికి ముడుచుకునే స్లీవ్ ఒక్కో జాయింటుకు 2 మి.మీ. ది, మొత్తం మీద 6 మి.మీ. ది. సోల్డర్ పెట్టకముందే స్లీవ్ వైరుకు ఎక్కించు. ప్రతి ఒక్కడు మరిచిపొయ్యేది ఇదే, మరిచినంక మళ్ల కరిగించుడే. మూడు జాయింట్లు ఒకే చోట వస్తే లావైతది, గుంతల ఇరుకుతది. అందుకని ఒక్కోటి 1 సెం.మీ. అటిటు జరిపి వెయ్. ఈ పనికి నీ 25 వాట్ల ఐరన్ సరిపోతది.

గద్వాల_జాక్

చెయ్యి పట్టే ఎఫ్ హోల్ ఉన్న గిటార్ అయితే నాకొకటి చూపియ్యన్నా 😄

పాత_పాట్ (సూర్యాపేట)

పొగ అన్నా, జాయింటు మాట ఒప్పుకోను. పికప్‌ల మీద ఇంత పెట్టి, చైనా చిన్న పాట్లు, కెపాసిటర్ ఎసుంటిదో తెల్వదు, డబ్బా స్విచ్ లోపల వదిలేస్తే ఏం లాభం? ఎట్లాగు తీగలు తీసినంక మొత్తం మార్చుడే నయం. నాలుగు పెద్ద పాట్లు, రెండు 0.022 కెపాసిటర్లు, స్విచ్‌క్రాఫ్ట్ టోగుల్, జాక్. ఒక్కసారి చేస్తే మళ్ల ముట్టుకునే పని లేదు.

సోల్డర్_పొగ

జాయింటు మంచిగ పడితే కరెంటు లెక్కన అది వైరే, తేడా వినపడదు. పాట్ సైజుతోని ధ్వని మారదు, విలువతోని మారుతది. 16 మి.మీ. పాట్ 500కె (కె అంటే కిలో ఓమ్) ఉంటే, 24 మి.మీ. పాట్ 500కె ఉంటే రెండూ ఒకటే. పెద్దది ఎక్కువ కాలం ఉంటది, తిప్పితే చేతికి బరువుగ మంచిగుంటది, అది ఒప్పుకుంట. కానీ పాట్ గరగర అనకుంట, విలువ సరిగ్గ ఉంటే తీసుడు ఎందుకు?

శ్రుతి_మీటర్ (మిర్యాలగూడ)

కొట్లాట ఎందుకు, కొలిస్తే తెలుస్తది. పాట్ బయటికి తీయకుండనే విలువ చూడొచ్చు తమ్మీ. పాత పికప్ కత్తిరించినంక, పాట్ దిక్కు మిగిలిన కేబుల్‌ల నడిమి వైరుకు, జాలీకి మీటర్ పెట్టు, 2 మెగా ఓమ్ రేంజ్‌ల. టోగుల్‌ను ఆ పికప్ కాకుండ ఎదుటి పికప్ మీదికి తిప్పు, జాక్‌ల ఏ పిన్నూ ఉండొద్దు. మామూలు వైరింగ్ అయితే మీటర్‌ల వచ్చేది ఆ వాల్యూమ్ పాట్ పూర్తి విలువ. టోన్ పాట్ అడ్డం రాదు, దాని ముందు కెపాసిటర్ ఉంటది, డీసీని ఆపుతది. టోగుల్ నడుమ పెడితే మాత్రం రెండో పాట్ కూడ కలుస్తది, లెక్క తప్పుతది.

420 నుంచి 550 దాక వస్తే ఉంచు. 250 దగ్గర వస్తే హంబకర్‌కు మెరుపు తగ్గుతది, అప్పుడు పాత_పాట్ అన్న చెప్పినట్టు మార్చు. కాయిల్ చివర ఎంత లోడు పడితే పై స్వరాలు అంత తగ్గుతయి, 250కె సింగిల్ కాయిళ్లకు సరి, హంబకర్లకు కాదు.

కొత్త పికప్ కూడ పెట్టకముందే కొలువు. ఎరుపు తెలుపు కలిపి పట్టి, నలుపుకు ఆకుపచ్చకు మీటర్. ఈ సెట్‌కు నెక్ 7.4, బ్రిడ్జ్ 8.1 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటది. కానీ మన దిక్కు ఎండల కొలిచి, ఎక్కువ వచ్చిందని నకిలీ అనుకోవద్దు. రాగి తీగ నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతది. 20 డిగ్రీల దగ్గర 7.4 ఉన్న కాయిల్, మే నెలల 40 డిగ్రీల గదిల 8.0 చూపిస్తది. చేతిల పట్టుకొని కొలిచినా కొంచెం కదులుతది.

పాలమూరు_తీగలు

అక్కా, చాలా థ్యాంక్స్. కత్తిరించి కొలిచిన. నెక్ వాల్యూమ్ 488, బ్రిడ్జ్ వాల్యూమ్ 231 వచ్చింది. నెక్ టోన్ తిప్పితే గరగర కూడ ఉన్నది. అంటే మొత్తం తీయాల్సిందేనా?

పాత_పాట్

దేవుడు నా దిక్కు ఉన్నడు 🙂

సోల్డర్_పొగ

231 వస్తే ఓడిపోయిన. తియ్యాల్సిందే. సరే, తీసుడు సంగతి పద్ధతిగ చెప్త, తొందరపడితే పాలిష్ చిట్లుతది.

నాబ్‌ల కింద స్క్రూడ్రైవర్ పెట్టి లేపకు, పై పొర ప్లైవుడ్ లాంటిదే, నొక్కుపడుతది. పాత బనియన్ గుడ్డ పేలిక నాబ్ కింద చుట్టి రెండు కొసలు కలిపి పైకి గుంజు. నట్టు 10 లేదా 11 మి.మీ. సాకెట్‌తోని తియ్. పానా జారితే గీత పడ్తది, సాకెట్ కింద మాస్కింగ్ టేపు వెయ్.

నట్టు తీసినంక పాట్ లోపలికి పడకముందే దాని షాఫ్ట్‌కు దారం కట్టు. మామూలు కుట్టు దారం కాదు, గాలిపటం మాంజా అసలే కాదు. టైలర్లు గుండీలకు వాడే మందం దారం, ఒక్కోటి 60 సెం.మీ. షాఫ్ట్ నడుమ చీలిక ఉంటే ముడి అందుల ఇరికించి చుట్టు. ప్రతి దారం కొసకు టేపు అంటించి పేరు రాయి: నె-వా, నె-టో, బ్రి-వా, బ్రి-టో, టోగుల్, జాక్. పాట్ బయటికి గుంజినంక కూడ ఆ దారం రంధ్రంలనే ఉండాలె. తిరిగి ఎక్కించేటప్పుడు అదే దారి చూపిస్తది.

బయటికి తీసేది కింది ఎఫ్ హోల్ నుంచి, పాట్లు ఉన్న దిక్కు. కొన్ని గిటార్లల బ్రిడ్జ్ పికప్ గుంత పక్క సెంటర్ బ్లాక్‌కు కిటికీ లెక్క కోసి ఉంటది, దాంట్లకెల్లి ఇంకా సులువు. టార్చ్ వేసి చూడు.

ఒకటి మరువకు: టెయిల్‌పీస్ (తీగల కొసలు పట్టే లోహపు ముక్క) స్టడ్ కిందికి పోయే గ్రౌండ్ వైరు. అది ఏదో ఒక పాట్ వెనక సోల్డర్ చేసి ఉంటది. దాన్ని గుంజితే స్టడ్ దగ్గర ఊడుతది, మళ్ల పెట్టాలంటే స్టడ్ బుషింగ్ పీకాలె. అందుకని పాట్ దగ్గర కరిగించి విడదియ్, లేదా ఎఫ్ హోల్ దగ్గర కత్తిరించి కొస ఎఫ్ హోల్ బయట టేపుతోని అంటించు.

పాత_పాట్

కొత్త పాట్లు తెచ్చేముందు మూడు సంగతులు. ఇవి తప్పితే కోఠి గుజరాతీ గల్లీకి రెండోసారి బస్సెక్కుడే.

రంధ్రం: మెట్రిక్ పాట్ దారం 7 లేదా 8 మి.మీ., సీటీఎస్ (అమెరికా కంపెనీ) పాట్ దారం ఇంచులల్ల, దగ్గర దగ్గర 9.5 మి.మీ. రంధ్రం పెద్దగ చెయ్యాలె. డ్రిల్ బిట్ పెట్టకు. బిట్ ప్లై పొరను కొరికి పట్టుకుంటది, పెయింట్ పెచ్చు లేస్తది, ఒక్కోసారి బిట్ గిటార్ లోపలికి దూసుకపోతది. మొన దిక్కు సన్నగ అయ్యే రీమర్ (రంధ్రాన్ని మెల్లగ పెద్దగ చేసే పనిముట్టు) చేత్తో తిప్పు, పైనుంచి, రంధ్రం చుట్టూ టేపు వేసి. నాలుగైదు తిప్పులకొకసారి పాట్ పెట్టి చూడు.

దారం పొడవు: టాప్ మందం కొలువు. 5, 6 మి.మీ. చుట్టూ ఉంటే 9.5 మి.మీ. పొడవు దారం ఉన్న పాట్ సరిగ్గ కూర్చుంటది. లెస్ పాల్ కోసం అమ్మే పొడుగు రకం తెస్తే నాబ్ గోపురం లెక్క పైకి లేస్తది. పొట్టి రకం తెస్తే వాషర్ వేసినంక నట్టుకు పట్టు దొరకదు.

నాబ్: మెట్రిక్ షాఫ్ట్‌కు 18 పళ్లు, సీటీఎస్ కు 24 సన్న పళ్లు. పాత నాబ్ కొత్త షాఫ్ట్ మీద బలవంతంగ నొక్కితే నాబ్ పగులుతది. కొత్త నాబ్‌లు కలిపే తెచ్చుకో.

ఇవన్నీ వద్దనుకుంటే 16 మి.మీ. మెట్రిక్ పాట్లే మంచి రకం తెచ్చుకో, రంధ్రం కొయ్యాల్సిన పనే లేదు, ఎఫ్ హోల్‌ల సులువుగ దూరుతయి. నిజం చెప్పాలంటే నీ గిటార్‌కు అదే మంచిది. ఏ500కె అని రాసి ఉండాలె. బీ500కె అంటే లీనియర్, వాల్యూమ్‌కు పెడితే 10 నుంచి 3 దాక తిప్పినా పెద్ద మార్పు ఉండదు, ఆ తర్వాత ఒక్కసారే పడిపోతది.

గద్వాల_జాక్

పాత_పాట్ అన్న చిన్న పాట్ పెట్టుమన్నడు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

శ్రుతి_మీటర్

కెపాసిటర్ 0.022 మైక్రో ఫారడ్, ఒంటి మీద 223 అని ఉంటది. 473 అని ఉంటే అది 0.047, టోన్ తగ్గిస్తే మరీ చీకటైతది. నెక్‌కు 153 పెట్టినా మంచిదే, నెక్ మొద్దుతనం మీద నీ ఫిర్యాదుకు అది కొంచెం సాయం. 100 వోల్టుల ఆకుపచ్చ పాలిస్టర్ రకం చాలు. గిటార్‌ల వచ్చే వోల్టేజ్ ఒక వోల్టు చుట్టుపక్కల, 600 వోల్టుల పెద్ద నారింజ రంగు కెపాసిటర్ పెడితే వినేటోళ్లకు తేడా తెల్వదు, ఎఫ్ హోల్‌ల మాత్రం అడ్డం పడ్తది.

ఇంకోటి. నెక్ మొద్దుతనానికి వైరింగ్ పద్ధతి కూడ కారణం. ఇప్పటి పద్ధతిల టోన్ కెపాసిటర్ వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలుకు కలిపి ఉంటది. 50ల పద్ధతిల మధ్య కాలుకు కలుపుతరు. మధ్య కాలుకు కలిపితే వాల్యూమ్ 6, 7 కు తగ్గించినా పై స్వరాలు మిగులుతయి. బదులుగ వాల్యూమ్ తిప్పితే టోన్ కూడ కొంచెం కదులుతది. సెమీ హాలోకు నేను మధ్య కాలే అంట.

సోల్డర్_పొగ

అక్క చెప్పింది సరే. ఇప్పుడు కట్టుడు.

గట్టి అట్ట తీసుకో, చెప్పుల డబ్బా మూత మంచిగుంటది. గిటార్ మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దు, రంధ్రాల గుర్తులు పడ్తయి. ఆ కాగితం అట్టకు అంటించి రంధ్రాలు కొయ్. పాట్లు అట్ట వెనక దిక్కు నుంచి దూర్చి ముందు నట్టు వెయ్. సోల్డర్ చేసేది వెనక దిక్కు చూసుకుంట. అట్టను తిప్పకుండ ముందు దిక్కు పాట్లు పెడితే వైరింగ్ మొత్తం అద్దంల చూసినట్టు తలకిందులైతది: నెక్ వాల్యూమ్ ఉండాల్సిన చోటికి బ్రిడ్జ్ వాల్యూమ్ వస్తది. లోపలికి ఎక్కించినంక గాని తెల్వదు.

పాట్ వెనక గ్రౌండ్ పెట్టేందుకు 25 వాట్లు చాలదు. డబ్బా వేడి మొత్తం గుంజుకుంటది, నువ్వు పది సెకన్లు పట్టి ఉంచుతవు, లోపలి కార్బన్ ట్రాక్ ఖరాబైతది. 60 వాట్ల ఐరన్, ఉలి మొన బిట్, 350 నుంచి 370 డిగ్రీలు. పాట్ వెనక సన్న ఎమ్రీ కాగితంతో మెరిసేదాక రుద్ది ముందే కొంచెం సోల్డర్ పూసి పెట్టు. అప్పుడు మూడు సెకన్ల పని. సోల్డర్ 60/40, లోపల రోజిన్ ఉన్నది, 0.8 మి.మీ. రేకుల డబ్బాలకు, నీళ్ల పైపులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ మాత్రం దగ్గరికి రానీయకు, ఆర్నెల్లకు పచ్చగ తినేస్తది.

పాట్లను ఒకదానికొకటి గట్టి రాగి తీగతోని కలపొద్దు. వెనక మూత ఉన్న గిటార్‌ల అట్ల చేస్తరు, ఇక్కడ పాట్లు ఒక్కొక్కటిగ ఎఫ్ హోల్‌ల దూరాలె, గట్టి తీగ ఉంటే వంగదు. మెత్తటి అనేక పోగుల వైరు, దూరం కన్న 4, 5 సెం.మీ. ఎక్కువ. హాట్ (సిగ్నల్ మోసే) వైర్లన్నిటికి షీల్డ్ వైరే (చుట్టూ జాలీ ఉన్నదే) వాడు. గుల్లగ ఉన్న గిటార్‌ల రాగి టేపు అంటించి షీల్డ్ చేసే వీలు లేదు, అందుకని వైరే షీల్డ్ కావాలె. జాలీ బయట తెరిచి ఉన్న వైరు టోగుల్ హాట్ కాలుకు తాకితే ఆ పొజిషన్‌ల చప్పుడే రాదు, స్లీవ్ తొడుగు.

అట్ట మీదనే పికప్‌లు, జాక్ కలిపి, ఆంప్‌కు పెట్టి ఒకసారి చూడు. పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో తడితే టక్ టక్ అనాలె. ఇది చెయ్యకుండ ఎక్కియ్యకు.

వనపర్తి_స్ట్రమ్

మధ్యల అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నెక్ డిమార్జియో, బ్రిడ్జ్ డంకన్ పెడితే నడిమి పొజిషన్‌ల సన్నగ, ముక్కుతో పాడినట్టు వస్తున్నది. విడివిడిగ రెండూ మంచిగున్నయి.

శ్రుతి_మీటర్

ఫేజ్ ఎదురైంది, అంటే రెండు పికప్‌ల సిగ్నల్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నయి. రంగుల లెక్క కంపెనీ కంపెనీకి వేరే. డంకన్‌ల నలుపు హాట్, ఎరుపు తెలుపు జత, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోల ఎరుపు హాట్, నలుపు తెలుపు జత, ఆకుపచ్చ గ్రౌండ్. రెంటికి ఒకటే లెక్క పెట్టినవా ముందు చూడు. లెక్క సరిగ్గ ఉన్నా ఫేజ్ ఎదురు పడొచ్చు, అయస్కాంతం దిక్కు కూడ కలవాలె కద.

మీటర్‌తోనే తెలుస్తది. 20కె రేంజ్‌ల పికప్‌కు మీటర్ పెట్టి, ఇనుప స్క్రూడ్రైవర్ పోల్స్ మీద తటాలున ఆనియ్. అంకె ఒక్క క్షణం పెరుగుతది, లేదా తగ్గుతది. తీసినప్పుడు దానికి ఎదురు. రెండు పికప్‌లకు ఒకే దిక్కు కదలాలె, మీటర్ వైర్లు రెంటికి అదే తీరుగ పట్టాలె. ఎదురు వస్తే ఒక పికప్‌ల హాట్, ఆకుపచ్చ వైర్లు తారుమారు చెయ్. జాలీ వైరు మాత్రం గ్రౌండ్‌కే ఉంచు. ఒక్క వైరు, జాలీ ఉండే పాత రకం పికప్‌ల ఇట్ల తిప్పొద్దు, లోహపు మూత హాట్ అయి చెయ్యి తగిలితే బుయ్యిమంటది. దాంట్ల అయస్కాంతమే తీసి తిప్పాలె.

పాలమూరు_తీగలు

ఎక్కిచ్చిన. 16 మి.మీ. పాట్లే. గది 36 డిగ్రీలు. జాక్‌ల కేబుల్ పెట్టి, కేబుల్ రెండో కొస దగ్గర, వాల్యూమ్‌లన్నీ 10 మీద పెట్టి కొలిస్తే:

నెక్ 7.7
బ్రిడ్జ్ 4.2
నడుమ 2.7

బ్రిడ్జ్ చప్పుడు వస్తున్నది కానీ సన్నగ, ట్యూబ్‌లైట్ దగ్గరికి పోతే హమ్ కొడుతది. అట్ట మీద చూసినప్పుడు మంచిగనే ఉండె.

శ్రుతి_మీటర్

బ్రిడ్జ్‌ల ఒకటే కాయిల్ పని చేస్తున్నది. 36 డిగ్రీల దగ్గర 8.1 కాస్త 8.6 అయితది, 500కె పాట్ పక్కన పడితే 8.4, 8.5 రావాలె. నీకు సగం వచ్చింది. అంటే ఎరుపు తెలుపు జాయింట్ ఎక్కడో గ్రౌండ్‌కు తాకింది. అందుకే హమ్, ఒక కాయిల్ పోయినంక అది హంబకర్ కాదు, మామూలు సింగిల్ కాయిల్. ఆ జాయింట్ అసలే కలవకపోతే కాయిల్ తెగినట్టే, మీటర్ 500 చుట్టూ చూపిస్తది. హాట్ గ్రౌండ్‌కు తాకితే సున్నా. నీది సగం, కాబట్టి ఎరుపు తెలుపే.

సోల్డర్_పొగ

అట్ట మీద మంచిగుండి, ఎక్కిచ్చినంక పోయిందంటే పికప్ కింద మడతల నలిగింది. సోల్డర్ బొట్టు మొన సూది లెక్క మిగిలితే స్లీవ్‌ను పొడుచుకొని జాలీకి తాకుతది. బ్రిడ్జ్ రింగు ఒక్కటే ఇప్పు, మిగతాది ముట్టుకోకు. జాయింట్ నున్నగ చేసి, స్లీవ్ రెండు పొరలు తొడిగి, జాలీ వైరుకు కూడ వేరే స్లీవ్ వెయ్. మిగిలిన వైరు చుట్టి స్పాంజ్ ముక్క పక్కన పెట్టు, లేకపోతే లో-ఈ (అన్నిటికన్న లావు) తీగ కొట్టినప్పుడల్లా వైరు టాప్‌కు తగిలి జర్రుమంటది, ఫ్రెట్ బజ్ (తీగ ఫ్రెట్‌కు తగిలే చప్పుడు) అనుకొని నెక్ రాడ్ (మెడ వంపు సరిచేసే కడ్డీ) తిప్పుతవు.

పికప్ కాళ్లు గుంత అడుగుకు తగులుతున్నయా కూడ చూడు. పొడుగు కాళ్ల బేస్‌ప్లేట్ అయితే కిందికి దించినప్పుడు వైరును నలిపేది అవే.

పాలమూరు_తీగలు

అదే అన్నా. స్లీవ్‌కు చిన్న రంధ్రం, పక్కనే కాలు. సరి చేసిన. ఇప్పుడు 7.7, 8.4, 4.0. కుయ్యిమనుడు చాలా తగ్గింది.

రెండు మిగిలినయి. బ్రిడ్జ్ రింగు స్క్రూ ఒకటి తిప్పితే తిరుగుతనే ఉన్నది, పట్టు లేదు. తీగలు ముట్టుకుంటే సన్న హమ్ ఆగుతున్నది, వదిలితే వస్తున్నది, అది తప్పా?

పాత_పాట్

స్క్రూకు: అగ్గిపుల్ల మందు కొస విరిచేసి, ఫెవికాల్ ముంచి రంధ్రంల దూర్చు, టాప్‌కు సమానంగ కోసి రాత్రంతా ఆరనియ్. పొద్దున 1.5 మి.మీ. బిట్‌తో చేత్తోనే రంధ్రం చేసి స్క్రూ వెయ్. రింగు కింది అంచు వంపుగ ఉన్నదా, చదునుగ ఉన్నదా చూసినవా? టాప్ వంపు ఉన్న గిటార్‌కు వంపు రింగే కావాలె. చదును రింగు స్క్రూలతో అదిమి బిగిస్తే మూలల దగ్గర పగులుతది, స్క్రూ పట్టు పోయిందంటే అదీ ఒక కారణమే.

హమ్ ముట్టుకుంటే ఆగుతున్నదంటే టెయిల్‌పీస్ గ్రౌండ్ మంచిగున్నట్టు. ముట్టుకుంటే పెరిగితే అప్పుడు జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారైనట్టు.

చర్చి_ఆంప్ (దేవరకొండ)

ఆ గ్రౌండ్ గురించి ఒక మాట కలుపుత. తీగలు జాక్ గుండ ఆంప్ ఎర్త్‌కు కలుస్తయి. ఫంక్షన్ హాళ్లల, పందిళ్లల ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు మూడో పిన్ను వట్టిగ ఉంటది, లోపల వైరే ఉండదు. అప్పుడు చేతులు తీగల మీద, పెదవులు మైక్ మీద పెడితే షాక్ కొడుతది. దానికి విరుగుడు అని కొందరు గిటార్‌ల టెయిల్‌పీస్ గ్రౌండ్ కత్తిరిస్తరు. చెయ్యొద్దు, హమ్ పెరుగుతది, అసలు లోపం గోడలనే ఉంటది. వాయించేముందు మీటర్ ఏసీల పెట్టి సాకెట్‌ల ఫేజ్‌కు (కరెంటు వచ్చే రంధ్రానికి) ఎర్త్‌కు చూడు, 230 చుట్టూ రావాలె. న్యూట్రల్‌కు ఎర్త్‌కు ఒకటి రెండు వోల్టులు. ఫేజ్-ఎర్త్ నడుమ 100, 120 ఊగుతుంటే ఎర్త్ లేనట్టే. మైక్ మిక్సర్, గిటార్ ఆంప్ ఒకే బోర్డు నుంచి తీసుకో.

వనపర్తి_స్ట్రమ్

అక్కా, స్క్రూడ్రైవర్ పరీక్ష చేసిన, రెండూ ఎదురెదురే. డిమార్జియో ఎరుపు, ఆకుపచ్చ తారుమారు చేస్తే సరిపోయింది. జాలీ గ్రౌండ్‌కే ఉంచిన.

పాలమూరు_తీగలు

రింగు వంపుదే, అగ్గిపుల్ల పెట్టిన, ఆరుతున్నది. 11 గేజ్ తీగలు ఎక్కిచ్చినంక ఎత్తు మళ్ల కొలవాల్నా, లేక ఇప్పుడే పెట్టుకోవచ్చా?

సోల్డర్_పొగ

తీగలు ఎక్కించి, శ్రుతి పెట్టి, ఒక రోజు ఉంచినంక కొలువు. నెక్ 2.4 దగ్గర మొదలుపెట్టి బాస్ దిక్కు ఇంకో అర మి.మీ. దించు, నీ మొద్దుతనం సగం అక్కడనే పోతది. రెండు పికప్‌లు మార్చి మార్చి వాయిస్తూ చప్పుడు సమానం అయ్యేదాక బ్రిడ్జ్‌ను లేపుకుంట రా, నెక్‌ను లేపకు.